జోస్యంలో మొదటి పేరు

బండి సీటు విప్పి ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగిన మేనకోడలికి, ఇంజిన్లోకి గాలి వెళ్లే గొట్టం నోట్లో గుప్పెడు ఇసుక కనిపించింది.

"మామయ్యా!"

ఆ కేకకి బైకు రేసుల ట్రాకు పక్కనున్న టెంట్ల వరస మొత్తం ఇటు తిరిగింది. అప్పటిదాకా చేతిలో పేపరు పట్టుకుని, కనపడ్డవాడికల్లా రేసు మీద తన జోస్యం చదివి వినిపిస్తున్న సీట్ల మామయ్య, చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా పరుగెత్తాడు.

"ముట్టుకోకు! స్టార్ట్ చేశావా? చెయ్యలేదు కదా?"

"చేస్తే ఇంకేముంది? పొద్దున్నే ఫిల్టర్ చూడకుండా నేనెప్పుడైనా కిక్ కొట్టానా?" అంది మేనకోడలు. బండిని పక్కకి వంచి, చెంచాతో ఇసుకని కొద్దికొద్దిగా తోడి పళ్లెంలో పోస్తోంది. "టార్చి పట్టుకో. ఇంకొంచెం లోపలికి."

సీట్ల మామయ్య టార్చి పట్టుకున్నాడు. ఆ ఇసుక లోపలికి పోతే ఏమయ్యేదో అక్కడున్న ఎవరికీ చెప్పక్కర్లేదు. పిస్టన్ గరగరా గీసుకుపోయేది. ఏ గుట్ట మీదో ఇంజిన్ పట్టేసేది. బండి గాల్లోంచి ముక్కు కిందికి వచ్చి పడేది, వెనక వచ్చే బండ్లన్నీ మనిషి మీదెక్కేవి. మేనకోడలి వేలు రెండు అంగుళాలు లోపలికి వెళ్లి ఆగింది. మెల్లిగా లాగితే, గట్టిగా మడిచి దూర్చిన గుడ్డ ఒకటి బయటికి వచ్చింది. దాని పై మడత నిండా ఇసుక. కింద మడత తెల్లగా ఉంది.

"గుడ్డ దగ్గరే ఆగిపోయింది మామయ్యా! లోపల ఒక్క రేణువు లేదు!"

"నీ ముందుచూపే కాపాడింది తల్లీ," అన్నాడు సీట్ల మామయ్య. ఆమె అప్పటికే పెట్రోలు గిన్నె కోసం అరుస్తోంది.

ఆ బండి తోలే ఆమె తమ్ముడు, సీట్ల మామయ్య మేనల్లుడు, హెల్మెట్ పొట్టకి ఆనించుకుని టెంటు గుంజ పక్కన నిలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అయితే ఇవాళ తోలలేంలే అక్కా."

"ఎందుకు తోలలేం? గంటలో కడిగి బిగించి ఇస్తా. ఎవడో పోసిన ఇసుకకి మనం ఇంట్లో కూర్చోవాలా?"

ఎవడో. ఆ మాట దగ్గర సీట్ల మామయ్య నోరు కదిలింది. నిన్న ప్రాక్టీసు అయిపోయాక, మైకు తీగ చుట్ట చుడుతూ మంచె మీది నుంచి కిందికి చూస్తే, ఈ టెంటులో ఇదే బండి పక్కన ఒక మనిషి నడుం వంచి కనిపించాడు. నీలం చొక్కా. వెనక భాగం చూసి మనిషిని గుర్తుపట్టడం సీట్ల మామయ్యకి వృత్తిధర్మం.

"నిన్న సాయంత్రం ఇక్కడ పాలవ్యాను ఉన్నాడు," అన్నాడు. పాలవ్యాను నడిపే ఆ రైడర్ని అందరూ పిలిచేది అలాగే.

వారమంతా సీట్ల మామయ్య బజారు చివరి కొట్లో బండ్లకి సీట్లు కుడతాడు. పాత రెక్సిన్ ఊడదీసి, స్పాంజి కోసి, కొత్త కవరు లాగి పిన్నులు కొడతాడు. సెలవు రోజున ట్రాకు మీద మైకు పట్టుకుంటాడు. ఎవడి సీటు ఎక్కడ అరిగిందో చూసి, వాడెలా తోలతాడో చెప్పేస్తాడు. ముందు అరిగితే మలుపులో హ్యాండిల్ మీదికి జరిగి కూర్చునే మొనగాడు. రెండు పక్కలా అరిగితే మోకాళ్లతో బండిని నొక్కిపట్టేవాడు. అస్సలు అరక్కపోతే నిలబడి తోలే ఘనుడు, లేదా బండి ఇంట్లో దాచుకునే పిసినారి. ఛాంపియన్‌షిప్పు వచ్చిందంటే పేపర్లో ఆటల పేజీవాళ్లు ముందు నిలిచే అయిదుగురి పేర్లు అతనితోనే రాయిస్తారు. అతను రాసినవాళ్లు గెలవడం ఊళ్లో అలవాటైపోయింది.

ఈసారి అయిదో పేరు టైల్స్ వేసే అతనిది. "నేల మట్టం ఇతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు" అని రాశాడు. నాలుగు, పళ్ల డాక్టరు: "వారమంతా ఇతరుల్ని భయపెట్టి, ఆదివారం తాను భయపడకపోవడం విశేషం." మూడు, ఫైరింజను డ్రైవరు. రెండు, పాలవ్యాను: "తెల్లారకముందే గుంతల రోడ్లమీద క్యాన్లు ఒలక్కుండా నడిపే చెయ్యి. వచ్చే ఏడు వయసు దాటి పెద్దల తరగతిలోకి వెళ్తాడు కనుక ఇది అతనికి ఆఖరి అవకాశం."

ఒకటి, మేనల్లుడు. దాని కింద మాత్రం చెయ్యి గురించి గాని, సీటు గురించి గాని ఏమీ రాయలేదు. "ఈ కుర్రవాడిని ఆపేవాడు పుట్టలేదు" అని రాశాడు.

*

విజిల్ గారు వచ్చేసరికి టెంటు చుట్టూ జనం మూగారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, పోటీలకి పెద్ద. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పాలవ్యానుని పిలిపించి అందరి ముందే అడిగారు.

"నిన్న సాయంత్రం ఈ టెంటులోకి వచ్చావా?"

"వచ్చానండీ."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే వచ్చి బండి దగ్గర ఎందుకు వంగావయ్యా?"

పాలవ్యాను చేతులు తుడుచుకునే గుడ్డని ఇటు మడిచి అటు మడిచాడు. "కుర్రాడు బండికి అటుపక్క నేలమీద కూర్చున్నాడు. వాడితో మాట్లాడాను."

"ఏం మాట్లాడావు?"

"అది మా ఇద్దరి మధ్య సంగతండీ."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. విజిల్ గారు మేనల్లుడి వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బాబూ. ఏం మాట్లాడాడు?"

"ఏం లేదండీ. రేసు సంగతులు."

"ఇతను బండి దగ్గర ఒంటరిగా ఉన్నాడా ఎప్పుడైనా?"

మేనల్లుడు హెల్మెట్ అద్దం పైకెత్తి దించాడు. మళ్లీ ఎత్తాడు. "నేను మధ్యలో... మంచినీళ్లకి వెళ్లాను."

పాలవ్యాను తలెత్తి అతని వైపు చూశాడు. కుర్రాడు హెల్మెట్ తగిలించుకుని అద్దం దించుకున్నాడు. పాలవ్యాను చేతిలోని గుడ్డని మళ్లీ మడిచాడు.

తప్పు చెయ్యనివాడైతే నోరు తెరిచి గోల చెయ్యడా? సీట్ల మామయ్యకి ఆ మౌనమే సాక్ష్యమైపోయింది. "చూశారా విజిల్ గారూ, నోరు పెగలడం లేదు!" అన్నాడు గట్టిగా.

విజిల్ గారు తేల్చేశారు. పాలవ్యాను బండిని తాడుకట్టి ఆఫీసు గది పక్కన పెట్టారు. ఈ రోజు అర్హత పరుగులో అతను లేడు. రేపు పొద్దున రైడర్ల సమావేశంలో తీర్పు. తప్పు లేదని తేలితే ఫైనల్లో, పరుగు మొదలయ్యే వరసకి కొసనున్న ఆఖరి గేటు దగ్గర నిలబడతాడు. ఉందని తేలితే, ఈ ట్రాకు మీదే కాదు, చుట్టుపక్కల ఏ ట్రాకు మీదా జీవితంలో బండి ఎక్కడు.

తీర్పు రేపటికి. కానీ మైకు ఇవాళే చేతిలో ఉంది. మంచె ఎక్కేసరికి సీట్ల మామయ్య ఒళ్లు ఇంకా కోపంతో మండుతోంది. కింద గట్టు నిండా జనం.

"నమస్కారమండీ! ఇవాళ ఒక చిన్న సంగతి జరిగింది. కొంతమందికి యాక్సిలేటర్ తిప్పి గెలవడం చేతకాకపోతే, ఇసుక పోసి గెలవాలనిపిస్తుంది. పేరు నేను చెప్పనండీ. పాలల్లో నీళ్లు కలిపే చేతికి, గొట్టంలో ఇసుక కలపడం ఎంత పని?"

గట్టు గట్టంతా ఘొల్లుమంది. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో "నీళ్లపాలూ!" అని అరిచారు. అది బాగా నచ్చినట్టుంది, నలుగురు అందుకున్నారు. మంచె మీది నుంచి సీట్ల మామయ్యకి పాలవ్యాను కనిపించాడు. తాడుకట్టిన తన బండి పక్కన నిలబడి, దాని టైరుకి అంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాడు. ఒక్కో మట్టిపెళ్లనీ శ్రద్ధగా, అది తప్ప ప్రపంచంలో వేరే పని లేనట్టు.

*

మేనల్లుడి పరుగు మొదలైంది. గేటు పడింది. బండ్లన్నీ ఒక్కసారి గర్జించి మొదటి మలుపులో దుమ్ములోకి దూరాయి.

"మొదటి మలుపులో ఫైరింజను! వెనకే పళ్ల డాక్టరు! మన కుర్రాడు మూడో స్థానంలో! పొద్దున ఇసుక తిన్న బండండీ, అయినా చూడండి!"

ట్రాకు మధ్యలో పెద్ద గుట్ట ఉంది. నిజానికి రెండు గుట్టలు, మధ్యలో గుంత. ఎక్కుతున్నప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుంటే బండి గుంత మీదుగా ఎగిరి అవతలి వాలులో దిగుతుంది. సగంలో వదిలితే ముందు చక్రం అవతలి గుట్ట నెత్తికి కొట్టుకుంటుంది. మరీ ముందే వదిలితే గుంతలోకి దిగి, మళ్లీ ఎక్కి, కుంటుకుంటూ రావాలి.

ఫైరింజను ఎగిరాడు. డాక్టరు ఎగిరాడు. మేనల్లుడి బండి గుట్ట మొదట్లోకి గొంతెత్తి వచ్చి, ఠక్కున గొంతు దించేసింది. గుంతలోకి జారి, బయటికి వచ్చింది. ఈలోగా ఇద్దరు అతని నెత్తిమీదుగా ఎగిరిపోయారు.

"అయ్యో! ఇంజిను ఊపిరాడక కొట్టుకుంటోందండీ! ఎవడు చేసిన పాపమో!" అని అరిచాడు సీట్ల మామయ్య.

అరిచాక, నాలుక కరుచుకున్నంత పనైంది. ఊపిరాడని ఇంజిను దగ్గుతుంది. చప్పుడు తెగి తెగి వస్తుంది. ఇది దగ్గలేదు. గుట్ట దగ్గర తప్ప మిగతా అంతటా చక్కగా, నిండుగా పాడుతోంది. రెండో చుట్టులో మైకు పక్కకి తిప్పి చెవులు రిక్కించాడు. గుట్ట వచ్చింది. గొంతు దిగింది. మూడో చుట్టులో మళ్లీ సరిగ్గా అక్కడే.

అది ఇంజిను కాదు. చెయ్యి. యాక్సిలేటర్ వదిలేస్తున్న చెయ్యి.

ఆఖరి అర్హుడిగా మేనల్లుడు ఫైనల్లోకి వచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దెబ్బతిన్న బండితో పోరాడిన వీరుడు కదా. మైకులో సీట్ల మామయ్య కూడా అదే అన్నాడు. 

*

సాయంత్రం సీట్ల మామయ్య కొట్లోకి వచ్చి పళ్ల డాక్టరు సీటు ముందేసుకున్నాడు. రేపటికి పక్క కుట్టు వేసివ్వాలి. సూదిలో దారం ఎక్కించాడు, తీశాడు. అతుకు ముక్క కోసం మూలనున్న పాత కవర్ల గుట్టలో చెయ్యి పెట్టాడు. చేతికొచ్చింది మేనల్లుడి పాత కవరు. పోయిన నెల తనే ఊడదీశాడు.

ఒళ్లో పరిచి చూశాడు. ముందు భాగం కొన్నప్పటి మెరుపుతో ఉంది. వెనక అంచు మాత్రం నలిగి, పగిలి, దారాలు తేలి ఉంది. గుట్ట కనపడగానే వెనక్కి వెనక్కి జరిగే మనిషి సీటు ఇలా ఉంటుంది. ఇదే ఇంకెవడి సీటైనా అయితే మామయ్య నవ్వి, "ఇతను బండిని తోలడం లేదు, ఆపుతున్నాడు" అని పేపర్లో రాసేవాడు. ఊడదీసిన రోజునే చూశాడు. చూసి, స్పాంజి నాసిరకమని తిట్టుకుని, మూలకి విసిరేశాడు. చెల్లెలి కొడుకు. మొదటి పేరు వాడిదే రాయాలని ఎప్పుడో అనుకున్నాడు, సీట్లు చూసింది మిగతా నలుగురివే.

"మామయ్యా, మావాడి సీటు మేకు ఒకటి ఊడింది, వేరేది ఉందా?" అంటూ మేనకోడలు లోపలికి వచ్చింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"ఆ డబ్బాలో చూడు." అతను కవరు మడిచి కిందికి తోశాడు. "అమ్మాయ్, బండి కడిగేటప్పుడు గొట్టంలో గుడ్డ పెట్టావు గనక సరిపోయింది. లేకపోతే?"

ఆమె డబ్బాలోంచి తల ఎత్తలేదు. "నేను పెట్టలేదు. నేను కడగడం అయ్యాక ఎప్పుడూ తీసేస్తా. నువ్వు పెట్టావేమో అనుకున్నా, ముందుచూపు అదీ ఇదీ అన్నావుగా."

"నిన్నన్నాను."

"నన్నా?"

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఆమె చేతిలోని మేకులు డబ్బాలో పడ్డాయి.

ఇంజిను చావాలని ఇసుక పోసేవాడు, ఇంజిను బతకాలని ముందు గుడ్డ పెట్టడు. పళ్లు రాలగొట్టడానికి వచ్చినవాడు దూది తెచ్చుకోడు. పెట్టినవాడికి ఆ ఇంజినంటే ప్రాణం. పొద్దున్నే ఎవరు ఫిల్టర్ తీసి చూస్తారో కూడా వాడికి తెలుసు.

"మామయ్యా," అంది మేనకోడలు నెమ్మదిగా. "వాడు ఇవాళ పొద్దున మొదట అన్నమాట గుర్తుందా? ఎవరు చేశారని అడగలేదు."

"ఊరుకో."

"ఇవాళ తోలలేంలే అన్నాడు."

"ఊరుకోమన్నానా!"

ఆమె ఊరుకుంది. గుమ్మం దాటుతూ మాత్రం అంది: "మరి ఆ పాలాయన?"

సీట్ల మామయ్య సూది తీసుకుని డాక్టరు సీటు కుట్టడం మొదలుపెట్టాడు. నాలుగు కుట్లు వేశాక చూస్తే, సీటుతోపాటు తన లుంగీ అంచు కూడా కలిపి కుట్టేశాడు.

*

ఆదివారం పొద్దున చెల్లెలింటి ముందు వ్యానులో బండి ఎక్కించి ఉంది. మేనల్లుడు వ్యాను మెట్టు మీద కూర్చుని బూట్ల పట్టీలు బిగిస్తున్నాడు. ఒకే పట్టీని బిగిస్తున్నాడు, వదులు చేస్తున్నాడు.

సీట్ల మామయ్య వచ్చి అతని ఎదుట నిలబడ్డాడు.

"గుడ్డ ఎందుకు పెట్టావురా?" అన్నాడు.

ఇసుక ఎందుకు పోశావని అడగలేదు. అయినా మేనల్లుడి చేతులు పట్టీ మీద ఆగిపోయాయి. తల ఇంకా కిందికి వంగింది. మెడ వెనక ఎముక చిన్నపిల్లాడిదిలా పొడుచుకొచ్చింది. అంతే, అంతకన్నా జవాబు అక్కర్లేకపోయింది.

కొడదామనుకున్నాడు. చెయ్యి లేవలేదు. నిన్న మైకులో తన గొంతు, గట్టు మీది నవ్వు చెవుల్లో మోగాయి. నిజం బయటపడితే కుర్రాడి పరువే కాదు, తనది కూడా గంగలో కలుస్తుంది. నలభై ఊళ్లు నమ్మే జోస్యం, మేనల్లుడి మీద ప్రేమతో రాసిన అబద్ధమని తేలుతుంది. బుర్ర చకచకా పనిచేసింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా అతనికి ఎక్కువ సిగ్గేసింది ఆ చకచకకే.

"ఇలా విను," అన్నాడు గొంతు తగ్గించి. "సాయంత్రం మసకలో నాకు సరిగ్గా కనపడలేదని విజిల్ గారికి చెప్తాను. సాక్ష్యం లేదని అతన్ని వదిలేస్తారు. నీకు మణికట్టు బెణికింది, నువ్వు దిగట్లేదు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు. అక్కకి నేను చెప్పుకుంటా. సరేనా?"

మేనల్లుడు పట్టీ బిగిస్తూ "సరే" అన్నాడు.

ట్రాకు గేటు దగ్గర పాలవ్యాను భార్య ఎదురైంది. ఎప్పుడూ "మామయ్యగారూ" అని పిలిచి ఫ్లాస్కులోంచి టీ పోసే మనిషి. ఇవాళ ఫ్లాస్కు లేదు.

"ఒక్కమాట అడుగుతానండీ," అంది. "మా పాలల్లో నీళ్లు మీరు చూశారా?"

"అది... ఏదో మాటవరసకి..."

"పొద్దున పాలు పొయ్యడానికి వెళ్తే, ఎన్నేళ్లుగానో పోయించుకుంటున్నావిడ క్యాను మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలు ముంచి చూసింది. ఆయన ఏమీ అనకుండా నిలబడ్డారు. చూసేదాకా ఆగి, అప్పుడు పోసి వచ్చారు." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "కాలు జారితే లేవొచ్చు. మీరు జారింది నోరు. అది ఎవరికి తగిలిందో చెబుదామని వచ్చాను, అంతే."

ఆమె వెళ్లిపోయింది. సీట్ల మామయ్యకి ఒక్కసారిగా బట్టలన్నీ బిగుతైపోయినట్టు అనిపించింది.

*

రైడర్ల సమావేశం ఆఫీసు గది పక్కన రేకుల షెడ్డు కింద జరిగింది. ఫైనల్లో ఉన్నవాళ్లంతా బూట్లతో, మోకాలి కవచాలతో నిలబడ్డారు. మేనకోడలు వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడి, సీట్ల మామయ్యనే చూస్తోంది. మేనల్లుడి మణికట్టుకి కొత్త కట్టు ఉంది.

విజిల్ గారు ఒకసారి విజిల్ ఊదారు. "సీట్లాయనా, నువ్వు చూసింది ఇంకోసారి చెప్పు."

"చూశానండీ. అంటే... మసకబడింది కదా." చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు. "వంగినట్టు కనిపించింది. ఇసుక పొయ్యడం నేను చూడలేదు. ఖాయంగా ఇతనే అని చెప్పలేను."

"నిన్న ఖాయంగా చెప్పావే? మైకులో కూడా చెప్పావు!"

"పొరపడి ఉంటానండీ."

"మరి పోసిందెవరు?"

"తెలియదండీ."

ఆ మాట అన్నాక అతను ఎవరి ముఖమూ చూడలేదు. టైల్స్ అతని బూట్లు చూశాడు, ఫైరింజను బూట్లు చూశాడు. మనుషుల్ని వెనకనుంచి గుర్తుపట్టే సీట్ల మామయ్య, ఎదురుగా ఉన్నవాళ్లని బూట్లని బట్టి తెలుసుకోవలసి వచ్చింది.

విజిల్ గారు గొంతు సవరించుకున్నారు. "సరే. సాక్ష్యం లేదు. అనుమానం ఉంది గాని సాక్ష్యం లేదు కనక పాలవ్యాను ఫైనల్లో పాల్గొనొచ్చు. ఆఖరి గేటు. తాడు విప్పండి."

డాక్టరు తాడు విప్పడానికి కదిలాడు. పాలవ్యాను చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండీ. నేనే విప్పుకుంటాను." ముడి విప్పి, తాడు చక్కగా చుట్టచుట్టి కుర్చీ మీద పెట్టాడు. "నేను తోలను."

"అదేంటయ్యా? అవకాశం ఇచ్చాంగా!"

"మీరిచ్చింది అనుమానంతో కలిపి ఇచ్చారండీ. గేటు దగ్గర నా పక్కన నిలబడేవాడు ముందు తన గొట్టం తడిమి చూసుకుంటాడు. అలా నేను నిలబడలేను." నవ్వడానికి ప్రయత్నించాడు. "క్యాను మూత తీసి ఒకసారి చూశారు చాలు."

అతను బండి స్టాండు తీసి తోసుకుంటూ బయల్దేరాడు. వ్యాను వైపు. ఎవరూ ఆపలేదు. ఆపవలసిన మాట ఒక్కడి దగ్గరే ఉంది, లేదా ఇద్దరి దగ్గర. సీట్ల మామయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మంచె ఎక్కితే ఆగని నోరు.

"ఆయన్ని ఆపండి."

అందరూ తిరిగి చూశారు. మేనల్లుడు మణికట్టుకున్న కట్టు విప్పుతున్నాడు. ముడి రావడం లేదు. పళ్లతో లాగాడు.

"ఒరేయ్," అన్నాడు సీట్ల మామయ్య, "నువ్వు ఊరుకో, నేను..."

"నువ్వు చెప్పవు మామయ్యా. నాకు తెలుసు. చెబుదామనుకుంటావు గాని చెప్పలేవు. నేనూ నిన్నట్నుంచీ అలాగే అనుకుంటున్నా." కుర్రాడు ముందుకొచ్చి పాలవ్యానుకి ఎదురుగా నిలబడి, బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. "అన్నా, ఆగు. వాళ్లందరూ వినాలి."

అతను షెడ్డు కిందున్నవాళ్ల వైపు తిరిగాడు.

"ఇసుక నేనే పోశానండీ. మా బండిలో నేనే పోసుకున్నా. శుక్రవారం సాయంత్రం, ఈయన వెళ్లిపోయాక. మంచినీళ్లకి వెళ్లానని అబద్ధం చెప్పాను, నేను ఎక్కడికీ వెళ్లలేదు. ఆరు నెలల కిందట ఆ గుట్ట మీద పడ్డప్పట్నుంచీ నా చెయ్యి నా మాట వినడం లేదు. దగ్గరికి రాగానే దానంతటది వదిలేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా. ఈయన నా వెనక తోలుతూ కనిపెట్టేశాడు. ఆ సాయంత్రం నేను బండి చాటున కూర్చుని ఏడుస్తుంటే వచ్చాడు. వంగి నా భుజం మీద చెయ్యేశాడు, మామయ్య చూసింది అదే. భయం అందరికీ వేస్తుందిరా, ఎగరకపోతే చచ్చిపోవు, ఎగరలేని రోజున గుంతలోకి దిగి వెళ్లు, ఎవడన్నా నవ్వితే నేనున్నా అన్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. నిన్న మీరందరూ దొంగలా నిలబెట్టి అడిగినా చెప్పలేదు. నేను ఎదురుగానే ఉన్నా. నా వైపు చూశాడు కూడా. నేను అద్దం దించుకున్నా. పేపర్లో మొదటి పేరు నాదైంది కదండీ, మొదటి పేరువాడు భయపడ్డాడంటే ఎలా అని... అందుకని ఇసుక. ఇంజిను చచ్చిపోతుందేమోనని ముందు గుడ్డ పెట్టాను. ఇంజిను మీద ఉన్న జాలి ఈయన మీద లేకపోయింది నాకు. అన్నా, ఆఖరి గేటు నాకిచ్చెయ్, నా గేటు నువ్వు తీసుకో. వాళ్లు నన్ను రానిస్తే నేనూ వస్తా. గుట్ట మాత్రం ఎగరను. గుంతలోకి దిగి, మళ్లీ ఎక్కుతా, అన్ని చుట్లూ అలాగే. మామయ్యా, నువ్వు మైకులో అది ఉన్నదున్నట్టు చెప్పు. ఇంజిను అనకు. వాడికి భయమేసింది అని చెప్పు."